రోగములకు పేళ్లు వచ్చిన చరిత్ర

మన యిండ్లలో బిడ్డ పుట్టిన ఇరువదియొకటవ నాడు బారసాల చేసి పేరు పెట్టుట ఆచారము. అంతవరకు ఎవరికిని తొందర యుండదు. రోగము విషయమున అట్లు కాదు. ఒంటిపై పొక్కు లేచిన గడియలోనే, కన్ను పచ్చబడిన దినముననే, ఇంటిలోని పెద్దలు దానికొక పేరు పెట్టుదురు. ఆ పేరును బట్టియే మందు, పథ్యము, మ్రొక్కు, ఏ వైద్యుని యొద్దకు పోవలెననునది, అన్నియు నిర్ణయమగును. బిడ్డకు ఏ పేరు పెట్టినను బిడ్డ పెరుగును. రోగమునకు తప్పు పేరు పెట్టినచో రోగము పెరుగును.

మేడ్చల్, శామీరుపేట ప్రాంతముల పెద్దలకు ఈ విషయము పరాయిది కాదు. ఒకనాడు ద్రాక్షతోటలకు పేరుపొందిన ఆ నేలలో, మేడ్చల్ చేరువ అత్వెల్లియందును, శామీరుపేటకు ఆవల తుర్కపల్లియందును, టీకాలు చేయు శాలలు వెలసి రెండు దశాబ్దములు దాటినది. ఏ రోగమునకైనను టీకా చేయబూనినచో మొదట ఆ రోగమును కలిగించునది ఏది, అది ఏ వంశమునకు చెందినది అని నిశ్చయించుకొనవలెను. పేరు ఖాయము కానిదే టీకా లేదు. ఆ పేళ్లను ఎవరు పెట్టిరి, ఏ లెక్కన పెట్టిరి, వాటిలో నిలిచినవేవి, తొలగినవేవి అను చరిత్రను ఈ ప్రసంగమున మనవి చేయుదును.

మన పూర్వులు కంటికి కనబడు గుర్తులను బట్టి రోగములకు పేళ్లు పెట్టిరి. పొక్కు మసూరపప్పు గింజవలె నుండుటచే సంస్కృత వైద్యులు మసూరిక యనిరి. మన మశూచి ఆ మాటనుండి వచ్చినదే. దవడల క్రింద బిళ్లలు కట్టిన గవదబిళ్లలైనవి. కన్ను, గోరు, మూత్రము పచ్చబడుటను కామల యనిరి. అదియే మన నోట కామెర్లైనది. జ్వరములను మరియొక విధమున, దినములు లెక్కించి విభజించిరి. దినమున కొకసారి వచ్చునది అన్యేద్యుష్కము, దినము విడిచి దినము వచ్చునది తృతీయకము, రెండు దినములు విడిచి వచ్చునది చతుర్థకము. ఈ లెక్క ఎంత నిశితమైనదో చూడుడు. సూక్ష్మదర్శిని వచ్చిన తరువాత చలిజ్వరపు క్రిములను పరీక్షింపగా, రెండు దినములు విడిచి జ్వరము తెప్పించునది వేరొక జాతి క్రిమి యని తేలినది. కన్నులతో మాత్రమే చూచిన వైద్యులు ఆ భేదమును వేల యేండ్ల క్రిందటనే వేరు పేరుతో పట్టియుంచిరి.

అయినను కంటి గుర్తునకు ఒక హద్దు కలదు. మశూచి, ఆటలమ్మ, తట్టు అను మూడింటిలోను జ్వరము వచ్చును, ఒంటిపై పొక్కులో దద్దులో లేచును. మన పల్లెలలో మూడింటిని అమ్మవారనియే పిలుచుట కలదు. పెద్దమ్మవారు, చిన్నమ్మవారు అని కొందరు తెలిసినవారు వేరుచేసిరి. నేటి శాస్త్రము ప్రకారము ఈ మూడును మూడు వేరువేరు వంశముల వైరసులవలన వచ్చునవి. మశూచి ప్రాణము తీయునది, బ్రతికినవారికి కన్నులు పోగొట్టునది. ఆటలమ్మ సాధారణముగా తేలికపడి పోవునది. తట్టు తేలికదిగా కనబడినను, బలహీనులైన పసిబిడ్డలకు ఊపిరితిత్తులు చెడి ప్రాణము మీదికి తెచ్చునది.

ఈ భేదము పుస్తకములలోని మాట మాత్రమే కాదు. మశూచిని నిర్మూలించుటకు 1970 తరువాత మన దేశమున ఇంటింటికి తిరిగిన ఉద్యోగులు, మశూచి సోకిన బిడ్డ బొమ్మ నొకదానిని చేతబట్టుకొని, ఇట్టి పొక్కులు ఎవరికైన వచ్చినవా యని అడిగిరి. పేరు చెప్పి యడిగినచో ఆటలమ్మయు తట్టును కూడ లెక్కలోనికి వచ్చి, అసలు మశూచి ఎక్కడనున్నదో తెలియకపోవును. బొమ్మ చూపి యడుగుటవలన ఆ చిక్కు తీరినది. 1975లో మన దేశమున చివరి రోగి కనబడెను. 1980 మే 8వ తేదీన లోకమునుండియే మశూచి తొలగినదని ప్రపంచ ఆరోగ్య సభ ప్రకటించెను. పోచమ్మకు బోనము సమర్పించుటకును ఈ విచారణకును విరోధమేమియు లేదు. తల్లిని కొలుచుట వేరు. మూడు రోగములను ఒక్కటిగా నెంచుట వేరు.

రెండవ విధమైన పేరు, కారణమును ఊహించి పెట్టినది. దీనికి తగిన కథ మన హైదరాబాదు నగరమునందే జరిగినది. మలేరియా అనునది ఇటలీ దేశపు మాట. చెడుగాలి యని దాని యర్థము. బురదనేలలనుండి లేచు దుర్గంధపు గాలి వలన చలిజ్వరము వచ్చునని ఆ దేశస్థులు నమ్మిరి. 1880లో లావెరాన్ అను ఫ్రెంచి వైద్యుడు రోగి నెత్తుటిలో క్రిమిని చూచెను. అది ఒకరినుండి ఇంకొకరికి ఎట్లు చేరుచున్నదో మాత్రము తెలియలేదు. సికింద్రాబాదు బేగంపేటలో నుండిన సైనిక వైద్యుడు రొనాల్డ్ రాస్, హుసేన్ ఖాన్ అను రోగికి, కుట్టిన ఒక్కొక్క దోమకు ఒక అణా చొప్పున ముట్టజెప్పి దోమలచేత కుట్టించెను. 1897 ఆగస్టు 20వ తేదీన అట్టి దోమనొకదానిని కోసి చూడగా, దాని కడుపు గోడలో చలిజ్వరపు క్రిమి కనబడెను. గాలి నిర్దోషి యని, దోమయే దోషి యని నాడు తేలినది. ఇందులకై రాస్‌కు 1902లో నోబెల్ బహుమానము వచ్చెను. చెడుగాలి యను పేరు మాత్రము నేటికిని చెరగలేదు. ఎట్టి తప్పు పేరైనను ఒకసారి జనుల నోట నాటుకొనినచో దానిని పెరికివేయుట దుస్సాధ్యమని దీనివలన గ్రహింపవలెను.

మూడవ విధమైన పేరు, పొరుగువాని నెత్తిన పెట్టినది. మేహసంబంధమైన పుండ్ల రోగమొకటి పదునైదవ శతాబ్దము చివర ఐరోపాలో వ్యాపింపగా, ఇటలీవారు దానిని ఫ్రెంచివారి రోగమనిరి. ఫ్రెంచివారు నేపుల్స్ నగరపు రోగమనిరి. మన దేశమునకు అది పోర్చుగీసువారి కాలమున వచ్చుటచే, పదునారవ శతాబ్దమున భావమిశ్రుడు తన వైద్యగ్రంథమున దానిని ఫిరంగరోగ మనెను. మన తెలుగునందు పరంగి పుండ్లు అను మాట యిట్లు పుట్టినదే. ఒక్క రోగమునకు ఇన్ని పేళ్లు! ప్రతి పేరును తాను మంచివాడనని, పొరుగువాడు చెడ్డవాడని చెప్పుటకే పెట్టబడినది.

1918లో లోకమునంతటిని ఊపివేసిన ఇన్‌ఫ్లుయెంజాకు స్పెయిను దేశపు జ్వరమని పేరు వచ్చెను. అది స్పెయినులో పుట్టినదని కాదు. యుద్ధములోనున్న దేశములు తమ పత్రికలలో రోగవార్తలను రానీయలేదు. యుద్ధమున చేరని స్పెయిను పత్రికలు దాచక ప్రకటించినవి. నిజము చెప్పినవానికే నింద తగిలినది. మన దేశమున అదే జ్వరమునకు, మొదట కనబడిన రేవునుబట్టి, బొంబాయి జ్వరమని పేరు పడెను. భారతదేశమున కోటిమందికి పైగా ప్రాణములు గోల్పోయిరి. అంత మందిని పొట్టనబెట్టుకొనిన రోగపు పేరున ఒక నగరము నిలిచిపోవుట ఆ నగరవాసులకు ఎట్లుండునో ఆలోచింపుడు.

ఇక వైరసు అను మాటకు వత్తము. లాటిను భాషలో ఆ మాటకు విషమని యర్థము. 1892లో ఇవనోవ్‌స్కీ అను రష్యా శాస్త్రజ్ఞుడు పొగాకు ఆకుల తెగులును పరిశీలించుచు, ఆ ఆకు రసమును సూక్ష్మక్రిములను ఆపివేయు జల్లెడలో వడపోసినను, వడిసిన రసము తెగులును వ్యాపింపజేయుట చూచెను. 1898లో బైజెరింక్ అను డచ్చి పండితుడు అదే పరీక్ష చేసి, ఈ అంటు మామూలు క్రిమి కాదని చెప్పెను. పొగాకు పండించు మన తెలుగు రైతులకు ఆ మచ్చల తెగులు తెలిసినదే. వైరసుల శాస్త్రమంతయు ఒక రైతు చేనిలోని తెగులుతో మొదలైనదనుట అతిశయోక్తి కాదు.

వైరసులు వందలకొలది బయటపడగా, ఎవరికి తోచిన పేరు వారు పెట్టసాగిరి. ఈ గందరగోళమును తీర్చుటకు 1966లో మాస్కోలో ఒక అంతర్జాతీయ సంఘము ఏర్పడెను. అది వైరసులను ఏ గుర్తులనుబట్టి విభజించుచున్నదో చెప్పెదను. రోగి ఒంటిపై ఏమి కనబడినదని అది చూడదు. వైరసు లోపలనుండు వంశబీజము ఎట్టిది, దానిపై నుండు పెంకు ఏ ఆకారమున నున్నది, అది తన వంటి వానిని ఎట్లు పుట్టించుకొనును అని చూచును. మన పెద్దలు సంబంధము కుదుర్చుకొనునపుడు ముఖము చూచి తృప్తిపడక, ఇంటిపేరు, గోత్రము విచారింతురు గదా! ఇదియు అట్టిదే.

ఈ గోత్రవిచారణవలన కలిగిన లాభము కామెర్ల విషయమున చక్కగా తెలియును. మన పల్లెలలో కామెర్లని ఒక్కటే పేరు. కాలేయము వాచుటవలన, పిత్తాశయపు రాళ్లవలన, ఇంకను ఇతర కారణములవలన కన్ను పచ్చబడవచ్చును. కాలేయపు వాపును కలిగించు వైరసులే అయిదు. వాటికి ఇంగ్లీషు అక్షరముల వరుసన ఏ, బి, సి, డి, ఈ అని పేళ్లు పెట్టిరి. మొదటి రెంటిని 1947లో మెకాలమ్ అను వైద్యుడు వేరుచేసి చూపెను. నీటివలన, ఆహారమువలన వచ్చునది ఏ. నెత్తుటివలన వచ్చునది బి.

పేళ్లు చూడగా అయిదుగురు అన్నదమ్ములవలె నున్నారు. గోత్రము విచారింపగా ఒకరికొకరు ఏమియు కారు. ఏ అనునది పిల్లల కాళ్లు పడగొట్టు పోలియో వైరసుతో ఒకే వంశమునకు చెందినది. సి అనునది డెంగీ వైరసునకు దగ్గరి చుట్టము. డి అనునది బి పంచన చేరి బ్రతుకునదేగాని, బి లేనిచోట వ్యాపింపజాలదు. 1955లోను, 1956 మొదటను ఢిల్లీ నగరమున, మురుగు కలిసిన యమునానది నీటివలన ఇరువదివేలకు మించిన జనులకు కామెర్లు వచ్చినవి. అది ఏ అని చాలకాలము తలచిరి. దాచియుంచిన నెత్తుటి నమూనాలను 1980 ప్రాంతమున పరీక్షింపగా, అది ఏ కాదు, బి కాదు, వేరొకటి యని తేలెను. దానినే ఇప్పుడు ఈ అని పిలుచుచున్నారు. గర్భిణీ స్త్రీలకు ఇది ప్రాణాంతకము కావచ్చును.

బి కథ మేడ్చల్ వరకు వచ్చును. అమెరికాలో బ్లంబర్గ్ అను శాస్త్రజ్ఞుడు నానాదేశముల వారి నెత్తురును పోల్చి చూచుచుండగా, ఆస్ట్రేలియా ఆదివాసి యొకని నెత్తుటిలో ఒక క్రొత్త పదార్థము కనబడెను. 1965లో దానిని ప్రకటించి, ఆస్ట్రేలియా యాంటిజెన్ అని పేరు పెట్టిరి. తరువాత తెలిసినదేమనగా, అది ఆ ఆదివాసుల సొత్తు కాదు. బి వైరసు పైపెంకులోని ముక్క. లోకమున ఏ దేశమునందైనను ఆ రోగమున్నవారి నెత్తుటిలో అది యుండును. అందుచే శాస్త్రజ్ఞులు దేశపు పేరును విడిచి, పైపెంకు యాంటిజెన్ అను అర్థము వచ్చు పేరు పెట్టిరి. మన దేశపు పరీక్షాశాలల చీటీలపై ఆస్ట్రేలియా పేరు మాత్రము చిరకాలము నిలిచినది. బ్లంబర్గ్‌కు 1976లో నోబెల్ బహుమానము లభించెను.

పేరు సరియైన తరువాత పని సులువైనది. రోగము నిచ్చునది ఫలానా వైరసు, దాని పెంకు ఫలానా పదార్థము అని తెలిసినది గనుక, ఆ పెంకును మాత్రము వేరుగా చేయించి ఒంటిలోనికి ఎక్కించినచో, రోగము రాకుండ రక్షణ కలుగును. కల్లును పులియజేయు ఈస్టు వంటి సూక్ష్మజీవి చేత ఆ పెంకును చేయించుటయే ఇందలి ఉపాయము. కె. ఐ. వరప్రసాదరెడ్డిగారు 1993లో శాంతా బయోటెక్నిక్స్ అను సంస్థను స్థాపించి, 1997లో ఈ పద్ధతిని చేసిన మొదటి భారతీయ టీకాను వెలువరించిరి. సంస్థకు తమ తల్లి పేరు పెట్టుకొనిరి. దాని కర్మాగారము మేడ్చల్ వద్ద అత్వెల్లిలో నెలకొన్నది. ఆ టీకా ధర నాటి విదేశీ టీకా ధరలో చిన్న భాగము మాత్రమే. ఒకనాడు ఆస్ట్రేలియా పేరుతో పిలువబడిన పదార్థమునే ఆ టీకాలో పోసి ఇచ్చుచున్నారని తెలిసికొనుడు.

ఇట్లుండగా మన పల్లెలలో ఇప్పటికిని కామెర్లకు పసరు పోయుట కలదు. నేను ఎవరి విశ్వాసమును ఎగతాళి చేయను. కాని విచారింపుడు. ఏ, ఈ అను రెండు రకములు చాలమందికి కొన్ని వారములలో వాటంతటవే నెమ్మదించును. పసరు పోసినను నెమ్మదించును, పోయకున్నను నెమ్మదించును. కీర్తి మాత్రము పసరునకు దక్కును. బి అట్లు కాదు. కన్ను తెల్లబడినను అది కొందరి ఒంటిలో చప్పుడు లేక కూర్చుండి, ఇరువది ముప్పది యేండ్లకు కాలేయమును గట్టిపరచి, పుండుగా మార్చి, ప్రాణము తీయును. తల్లినుండి పుట్టిన బిడ్డకు అంటును. అన్నిటికిని కామెర్లనియే పేరు పెట్టినచో, నెమ్మదించు రోగమునకును పొంచియుండు రోగమునకును భేదము తెలియదు. ఒక్క పేరు ఇంటికి ఎంత కీడు చేయగలదో దీనివలన తెలియును.

మెదడువాపు అను పేరు సంగతియు ఇట్టిదే. 2003 వేసవి చివర తెలంగాణపు పల్లెలలో పిల్లలకు జ్వరము, మూర్ఛ వచ్చి, ఒకటి రెండు దినములలోనే ప్రాణములు పోసాగినవి. నాటి ఆంధ్రప్రదేశములో 329 మంది పిల్లలకు రోగము రాగా 183 మంది మరణించిరి. మెదడువాపునకు కారకములు అనేకము. పూనాలోని జాతీయ వైరసు సంస్థ పరీక్షించి, ఇది చండీపుర వైరసని తేల్చెను. చండీపురము నాగపురము ప్రక్కనున్న ఊరు. 1965లో అక్కడి జ్వరరోగుల నెత్తుటిలో దానిని మొదట కనుగొనుటచే ఆ పేరు వచ్చెను. అది కుక్కకాటు పిచ్చిని కలిగించు వైరసు వంశములోనిది. ఇసుక ఈగల వలన వ్యాపించును. నిజమైన పేరు తెలిసినందున ఈగలను అణచు పని చేపట్టుటకు దారి దొరకినది. కాని చండీపురము వారు చేసిన పాపమేమి? వారి ఊరిలో రోగిని పరీక్షించిరి, అంతియే. మన బిడ్డలు పోయిన దుఃఖమున ఆ ఊరిపేరు ఉచ్చరింపబడుచున్నది.

ఇట్టి అన్యాయములు పెక్కు జరుగుటచే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015 మే నెలలో ఒక నియమావళిని ప్రకటించెను. క్రొత్త రోగములకు ఊరి పేరు, దేశపు పేరు, మనిషి పేరు, జంతువు పేరు, వృత్తి పేరు పెట్టరాదని దాని సారాంశము. 2020 ఫిబ్రవరి 11వ తేదీన ఆ నియమము ప్రకారమే కోవిడ్-19 అని రోగమునకు పేరు పెట్టిరి. అదే దినమున వైరసుల సంఘమువారు గోత్రము చూచి వైరసునకు వేరుగా సార్స్-కోవ్-2 అని పేరు పెట్టిరి. రోగము పేరు జనుల కొరకు. వైరసు పేరు శాస్త్రజ్ఞుల కొరకు. ఈ వైరసునే చంపి టీకాగా మార్చు పని శామీరుపేట ప్రాంతములోని తుర్కపల్లిలో, భారత్ బయోటెక్ సంస్థలో జరిగెను. 2021 జనవరి 3వ తేదీన కోవాగ్జిన్‌కు మన ప్రభుత్వము అత్యవసర అనుమతి నిచ్చెను. నవంబరు 3వ తేదీన ప్రపంచ ఆరోగ్య సంస్థ తన జాబితాలో చేర్చెను.

ఆ సంవత్సరముననే మనకొక అనుభవము కలిగెను. రూపము మారిన వైరసు మొదట మన దేశమున కనబడుటచే, విదేశ పత్రికలు దానిని భారతీయ రకమని వ్రాసినవి. మే 12వ తేదీన మన ప్రభుత్వము అభ్యంతరము తెలిపెను. మే 31వ తేదీన ప్రపంచ ఆరోగ్య సంస్థ గ్రీకు అక్షరముతో డెల్టా అని దానికి పేరు పెట్టెను. స్పెయినునకు, బొంబాయికి, చండీపురమునకు తగిలిన నింద మన కందరికి తగిలినపుడు గాని దాని బాధ మనకు తెలియలేదు.

గ్రామపెద్దలైన మీ మాటకు ఊరిలో విలువ కలదు గనుక మూడు మనవులు చేయుచున్నాను. ఇంటిలో ఎవరికైనను కన్ను పచ్చబడినచో పసరు మాటకు ముందు నెత్తురు పరీక్ష చేయించి, చీటీపై ఏ అక్షరమున్నదో అడుగుడు. గర్భిణికి ఆ పరీక్ష తప్పక చేయించుడు. ఊరిలో బిడ్డ పుట్టినపుడు ఇరువదినాలుగు గంటలలోపల బి టీకా వేసిరో లేదో విచారింపుడు. ప్రభుత్వ ఆసుపత్రులలో అది ఉచితముగా వేయుదురు. ఊరిలో ఏదైన అంటురోగము పొడసూపినచో, అది మొదట వచ్చిన ఇంటిపేరునో వాడపేరునో దానికి తగిలింపనీయకుడు. అట్లు తగిలించినచో రెండవ ఇంటివారు రోగమును దాచుదురు. దాచిన రోగము మూడవ యింటికి పోవును.